ఉతికితే పోతదా?

2024 జూన్ 9, ఆదివారం. హనుమకొండ

మే 13న లోక్‌సభ పోలింగ్ డ్యూటీలో నాకు పడ్డ పని ఇంకు పెట్టడం. పది మిల్లీలీటర్ల సీసా, ప్లాస్టిక్ పుల్ల, ఒకదాని వెనక ఒకటి చాచిన ఎడమ చూపుడు వేళ్ళు. సాయంత్రమయ్యే సరికి నా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కూడా ఊదాగా మారాయి. తెల్లారి చూస్తే నల్లగా ఉన్నాయి. చర్మం మీది మరక మూడు వారాల్లో పొట్టుతోపాటు పోయింది. గోరు మీదిది పోలేదు. గోరు మొదట్లో మాత్రం సన్నటి తెల్ల సందు కనబడుతోంది, కింద నుంచి కొత్త గోరు తోసుకొస్తోంది.

ఆ రోజు కట్టుకున్న లేత పసుపు నూలుచీర కుచ్చిళ్ళ మీద కందిగింజంత చుక్క పడింది. మూడుసార్లు ఉతికినా ఇసుమంత తగ్గలేదు. ఆ ఇంకులో ఉండేది సిల్వర్ నైట్రేట్. ఒంటి మీది ఉప్పుతో కలిసి, వెలుతురు తగిలి నల్లబడుతుంది. మైసూరులో 1937లో పెట్టిన రంగుల కంపెనీ 1962 ఎన్నికల నుంచి దీన్ని దేశానికంతా అందిస్తోంది. పోకూడదనే పట్టుదలతో చేసిన ఇంకు, నా చీర మీద కూడా మాట తప్పలేదు.

ఇవాళ చౌరస్తా దగ్గరి దుకాణంలో పోవడానికి చేసిన ఇంకు కొన్నాను. రెండు కంపెనీల స్కెచ్ పెన్నులు, ఒక్కోటి పన్నెండు రంగుల డబ్బా. ఒకటి ఆకుపచ్చ డబ్బా, ఒకటి పసుపు డబ్బా. రెండింటి మీదా ‘వాషబుల్’ అని పెద్ద అక్షరాలు. ఒకటి రెండు తరగతులకు కలిపి నా దగ్గర ఇరవై ఆరుమంది పిల్లలున్నారు. వాళ్ళ చేతికిచ్చే ముందు ఆ మాట నిజమో కాదో నేను చూడాలి.

కారణం పోయినేడు జరిగింది. రెండో తరగతి పిల్ల యూనిఫాం చొక్కా జేబు దగ్గర ఎర్ర స్కెచ్ పెన్ను గీత పడింది. తెల్లారి ఆ పిల్ల బడికి రాలేదు. ఆ మర్నాడు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. గుమ్మంలోనే నిలబడి “రెండు జతలే గద టీచరమ్మా, ఇదిట్లయితే ఇంక ఏడాదంతా ఏమెయ్యాలె” అన్నది. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. చొక్కా మీద ఆ చోట గుడ్డ పలచబడేదాకా రుద్దిన ఆనవాలు ఉంది. పిల్ల చెంప మీద కూడా ఒక ఆనవాలు ఉంది. ఆ ఏడంతా ఆ పిల్ల రంగులు ముట్టలేదు. బొమ్మ గీసి పెన్సిలుతోనే నింపేది. బడి మూసేటప్పుడు ఆ పిల్ల నోట్‌బుక్ చూశాను. బతుకమ్మ బొమ్మ ఉంది, పూలన్నీ పెన్సిలు బూడిదరంగువే.

జూన్ 10

మే 27న పట్టభద్రుల ఎమ్మెల్సీ ఉపఎన్నికలో నేను ఓటరుని. వరంగల్–ఖమ్మం–నల్లగొండ స్థానం. అక్కడ పేర్ల ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వెయ్యాలి. అదీ వాళ్ళిచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే, సొంత పెన్ను వాడితే ఓటు చెల్లదు. ఒకే బూతులో వేలికి పోని ఇంకు, చేతికి స్కెచ్ పెన్ను. ఆ సంగతి ఇవాళ గుడ్డముక్కలు కత్తిరిస్తుంటే గుర్తొచ్చింది.

ముక్కలు ఇవి: బడి యూనిఫాం గుడ్డ, పక్కవీధిలో మహిళా సంఘం వాళ్ళు కుట్టిన చోట మిగిలిన కత్తిరింపులు. తెల్ల మల్లు. పాత దిండుగలీబు పాప్లిన్. పట్టు జాకెట్టు కుట్టగా మిగిలిన పేలిక. మా వాడి చిన్నప్పటి ఉన్ని స్వెటరు చెయ్యి. అన్నీ అరచేయంత చదరాలు. ప్రతి ముక్క మూలనా పెన్సిలుతో నంబరు. ఒక్కో ముక్క మీద ఆరు రంగులు, ఒక్కోటి రెండు వేళ్ళ పొడవు గీత.

ఒక జట్టు పది నిమిషాలకే ఉతకాలి. ఇంకోటి రాత్రంతా ఉంచాలి. మూడోది మూడు రోజులు ఎండకు వెయ్యాలి. నాలుగోది ఇస్త్రీ చేశాక ఉతకాలి, ఎందుకంటే ఇళ్ళల్లో అదీ జరుగుతుంది. మరక చూసుకోకుండా పెట్టె వేడి ఆనిస్తాం.

జూన్ 11

మొదటి ఉతుకు. నల్లాలో నీళ్ళు వచ్చే రోజు కాదు, బోరు నీళ్ళే.

మల్లు ముక్క మీది నల్లగీతపై ఒక్క చుక్క నీళ్ళు వేసి చూశాను. చుక్క పడగానే గీత అంచులు వదులయ్యాయి. తర్వాత ఆ నలుపు కదిలింది. అయితే నలుపుగా కదల్లేదు. ముందు నీలం బయటికి పాకింది, పోగు పోగుగా, దారాల వెంట మెట్లు మెట్లుగా. దాని వెనక గులాబీ. గీత ఉన్న చోట అడుగున గోధుమ లాంటి పసుపు మిగిలింది. నలుపనేది అక్కడ లేనే లేదు, మూడు రంగులు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి అంతే. నీళ్ళొచ్చి విడదీశాయి. పావుగంట అట్లాగే కూచున్నాను, బకెట్టు నిండి పొర్లింది.

పది నిమిషాల జట్టు: పాలిస్టర్ యూనిఫాం ముక్క రెండుసార్లు జాడిస్తే చాలు, సబ్బు లేకుండానే శుభ్రపడింది. పాప్లిన్, మల్లు సబ్బు రాసి పిండితే పోయాయి. పసుపు డబ్బా ఎరుపు తప్ప. అది మల్లు మీద లేత గులాబీగా మిగిలింది. పట్టు, ఉన్ని సంగతి ఇవాళ రాయను. ఆరాక చూడాలి.

జూన్ 12, బుధవారం

బడి తెరిచారు. మొదటి జత యూనిఫాం చేతికొచ్చింది. పిల్లలు కొత్తగుడ్డ వాసన చూసుకుంటూ కూచున్నారు. ఆ గుడ్డ పాలిస్టర్, సిరిసిల్ల మరమగ్గాల మీద నేసే రకం. ఇవాళ దాన్ని చూస్తే నాకు ధైర్యంగా ఉంది, నూలు కంటే ఇదే నయం. దీని పోగు లోపలికి నీళ్ళ ఇంకు వెళ్ళలేదు, పైపైన కూచుంటుంది. కాకపోతే పక్కలకు త్వరగా పాకుతుంది. చిన్న చుక్క క్షణంలో రూపాయి బిళ్ళంత అవుతుంది. చూసిన తల్లి గుండె జల్లుమంటుంది, కానీ వదిలిపోయేదే.

జూన్ 13

నీళ్ళ తేడా. ఇవాళ నల్లా వచ్చింది, ఒక బిందె పక్కన పెట్టుకున్నాను. అదే పాప్లిన్, అదే నీలం గీత, రాత్రంతా ఉంచింది. ఒకటి నల్లా నీళ్ళల్లో, ఒకటి బోరు నీళ్ళల్లో, ఒకే బట్టల సబ్బు.

నల్లా నీళ్ళల్లో నురగొచ్చింది, గీత పోయింది. బోరు నీళ్ళల్లో సబ్బు విరిగిన పాలలా తెట్టు కట్టింది. ఆ నీళ్ళల్లోని సున్నం సబ్బుని పట్టుకుని జిగటగా మారుస్తుంది. ఆ జిగట గుడ్డకు అంటుకుని, దాని అడుగున రంగూ ఉండిపోయింది. బోరు నీళ్ళల్లోనే సబ్బు బదులు బట్టల పౌడరు కలిపితే ఫలితం మారింది, పౌడరు ఆ సున్నానికి అంతగా లొంగదు.

డబ్బా మీద ఈ ముక్క ఎక్కడా లేదు. ఏ నీళ్ళతో ఉతికి చూసి ‘వాషబుల్’ అని రాశారో ఆ నీళ్ళు మా వీధిలో లేవు. మెత్తటి నీళ్ళు, గోరువెచ్చన, మిషను, కొలిచి పోసిన ద్రవం. మా పిల్లల ఇళ్ళల్లో బండ, బోరు, ఐదు రూపాయల సబ్బు, పొద్దు గూకాక పనినుంచి వచ్చి ఉతికే తల్లి.

జూన్ 15

పట్టు ముక్క: నీలం పోలేదు. ఎరుపు చాలా వరకు పోయింది. నీలం మాత్రం ఉతికినకొద్దీ శుభ్రంగా, ముచ్చటగా, అక్కడే ఉంది. ఉన్ని చెయ్యి మీద కూడా అంతే. పక్కనే అదే పెన్నుతో గీసిన మల్లు ముక్క తెల్లగా ఉంది.

ఒకే గీత, ఒకే చెయ్యి, ఒకే బకెట్టు.

జూన్ 16, ఆదివారం. కొత్తవాడ

పట్టు సంగతి అడగడానికి వరంగల్‌లో నేతకారులుండే కొత్తవాడ పోయాను. మా నాన్నకు తెలిసిన నేతకారుడు, డెబ్బై దాటాడు, నేను పెద్దనాయనా అంటాను. ఇప్పుడు మగ్గం మీద కొడుకు కూచుంటున్నాడు, ఆయన నూలుకు చిక్కు తీస్తూ, రంగుల పని చూస్తూ ఉంటాడు. ఇంటి ముందు గోడకు ఆనించి చుట్టిన జంఖానాలు, పరుచుకునే నూలు తివాచీలు.

ముక్కలన్నీ నులకమంచం మీద పరిచాను. ఆయన ఒక్కోటి తీసి, వెలుగుకు పట్టి చూసి, పట్టుముక్క మీద బొటనవేలు రాశాడు.

“ఇది పోదు బిడ్డా. ఇంకు తప్పు గాదు, గుడ్డ గుణం. పట్టుకు, ఉన్నికి వేసే రంగులు వేరే, యాసిడ్ రంగులంటం. అవి నూలును పట్టవ్. నూలుకు వేసే రంగులు వేరే. నీ పెన్నుల పోసిన రంగు పట్టుకు దగ్గర చుట్టం లెక్కుంది.”

ఇంటికొచ్చి పుస్తకం తిరగేస్తే ఆయన మాటే నిజం. ఇలాంటి ఇంకుల్లో వాడే చాలా రంగులు తినుబండారాల్లో కలిపే రంగుల జాతివి. నీళ్ళల్లో ఇట్టే కరుగుతాయి, నోట్లో పెట్టుకున్నా పిల్లకు పెద్దగా హాని ఉండదు. నూలు పోగుకూ వాటికీ పొత్తు లేదు కాబట్టి కడిగితే వెళ్ళిపోతాయి. పట్టూ ఉన్నీ మాంసకృత్తులు, పురుగూ గొర్రే ఇచ్చినవి. వాటికీ ఈ రంగులకూ బంధం కుదురుతుంది. ఈ చిక్కు తప్పించడానికి కొన్ని కంపెనీలు రంగు అణువుకు పొడవాటి పాలిమరు గొలుసు తగిలించి, పోగులోకి దూరనంత పెద్దది చేస్తాయి. నా రెండు డబ్బాల్లో ఏది ఏ జాతిదో పైన రాయలేదు. పట్టు ముక్కే చెప్పింది.

పెద్దనాయన కొడుకు మగ్గం ఆపి వచ్చి కూచున్నాడు. “అక్కా, నువ్వు పోవాల్నని చూస్తున్నవ్. మేం పోవద్దని చూస్తం. పరీక్ష మాత్రం ఒక్కటే.” తెల్లగుడ్డ తడిపి, రంగువేసిన నూలుచిలప మీద పదిసార్లు గట్టిగా రుద్ది చూపించాడు. తెల్లగుడ్డ తెల్లగానే ఉంది. “ఒక్క చాయ దిగినా ఆ చిలప మళ్ళ రంగుల పడాల్సిందే. జంఖానా మీద పిల్లలు నీళ్ళు పోస్తరు, పడుకుంటరు. రంగు దిగితె కొన్నోడి మంచం దుప్పటి ఖరాబైతది.”

1851లో లండన్‌లో పెట్టిన పెద్ద ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్ళాయి. 2018లో వరంగల్ జంఖానాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ రెంటి మధ్యా ఆ తడిగుడ్డ రుద్దే చెయ్యి ఉంది.

ఇక్కడ ఇక్కత్ జంఖానాలు కూడా నేస్తారు. నూలు చాచి కట్టి, ముందు డిజైను గీతలు గుర్తు పెట్టుకుని, ఆ గుర్తుల మీద రబ్బరు ముక్కలతో బిగించి ముడులు వేసి, అప్పుడు రంగులో ముంచుతారు. ఆ గుర్తు గీతకు బొగ్గో, కడిగితే పోయే రంగో వాడతారు. “గుర్తు పోకపోతె డిజైను మీద దయ్యం లెక్క కనబడ్తది” అన్నాడు కొడుకు. నా సంచిలో ఉన్న ఆకుపచ్చ డబ్బా తీసి అక్కడే ఒక చిలప మీద గీయించాను. మరిగే రంగునీళ్ళల్లో ముంచాక ఏమవుతుందో వారం తర్వాత చెబుతానన్నాడు.

జూన్ 17, సోమవారం. బక్రీద్ సెలవు

అత్తమ్మ పొద్దంతా నా దండెం చూస్తోంది. చిన్నచిన్న గుడ్డముక్కలు వరసగా క్లిప్పులకు వేలాడుతుంటే “ఏమున్నయే ఇండ్ల” అని దగ్గరికొచ్చింది. చెప్పాను. కాసేపు నవ్వి, కూచుని, నల్లజీడి మాట ఎత్తింది.

వాళ్ళ ఊళ్ళో చాకలి ఇంటింటి బట్టలూ మూటగట్టి వాగుకు తీసుకుపోయేవాడు. ఎవరివి ఎవరివో కలవకుండా నల్లజీడి గింజకు సూది గుచ్చి, ఆ రసంతో బట్ట మూలన గుర్తు పెట్టి, పైన తడిసున్నం అద్దేవాడు. ఇంటికొక గుర్తు. వాళ్ళ ఇంటిది రెండు చుక్కలు, కింద అడ్డగీత. చవుడు మట్టి పట్టించి, ఉబ్బలో ఉడకబెట్టి, బండ మీద బాదినా గుడ్డ చిరగాల్సిందే తప్ప గుర్తు చెరగదు. ఆ రసం ఒంటికి తగిలితే పుండ్లు పడతాయి. చాకలి అవ్వ వేళ్ళ మీద ఎప్పుడూ నల్లటి పొక్కులుండేవని అత్తమ్మ చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు తన వేళ్ళు తనే చూసుకుంది. తెల్లదొరలు మన దగ్గర చూసి ఆ గింజకు ‘గుర్తు వేసే గింజ’ అనే అర్థంతో ఇంగ్లీషులో పేరు పెట్టుకున్నారు.

తర్వాత లోపలికి పోయి ఇనప్పెట్టెలోంచి వాళ్ళమ్మ ముతక చీర తెచ్చింది. మూలన రెండు చుక్కలు, అడ్డగీత. చీర రంగు వెలిసి బూడిదైంది. గుర్తు మాత్రం మసినలుపు. పక్కన నా పోలింగ్ చీర మీది చుక్కను పెట్టి చూశాం. నల్లజీడిదే గట్టి.

సాయంత్రం పట్టు ముక్క కుంకుడురసంలో నానేశాను. ముక్క మెరుపు పోలేదు. నీలం కూడా పోలేదు. సోడా వేస్తే నీలం దిగేదేమో, కానీ సోడా పట్టును తినేస్తుంది. పట్టు మీద పడితే ఇక దానిది అని రాసుకున్నాను.

జూన్ 20

ఇస్త్రీ చేసిన జట్టు అన్నిటికంటే చెడ్డది. పాప్లిన్ మీద ఎరుపు, నారింజ రెండూ ఉండిపోయాయి. నారింజలోనూ ఉన్నది ఆ ఎరుపేగా. రెండు డబ్బాలూ అంతే. వేడి తడిని లాగేసి రంగును పోగు సందుల్లో కూరేసింది.

ఎండకు వేసినవాటిలో పసుపు, గులాబీ వెలిసిపోయాయి, ఉతక్కుండానే. పోయినవారం పప్పు ఒలికిన చేతిరుమాలు గుర్తొచ్చింది. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడి భయపెడుతుంది, ఎండకేస్తే మాయమవుతుంది. పసుపుకు వెలుతురంటే పడదు, ఎన్నికల ఇంకు ఆ వెలుతురుతోనే నల్లబడుతుంది.

జూన్ 21

అత్తమ్మ అడిగింది: “గంజి పెట్టి చూసినవా?”

లేదు.

జూన్ 23, ఆదివారం

గంజి పెట్టి చూశాను. అన్నం వార్చిన గంజి పలచగా చేసి, పాప్లిన్, మల్లు ముక్కలు ముంచి, ఆరేసి, ఇస్త్రీ చేసి, అప్పుడు గీశాను. ఆరు రంగులూ. రాత్రంతా ఉంచాను. పసుపు డబ్బా ఎరుపుతో సహా.

పొద్దున బోరు నీళ్ళల్లోనే నానేసి, చేత్తో నలిపితే గంజి మెత్తబడి పొరలా జారింది. దాంతో రంగూ జారింది. ఎరుపు కూడా. గంజి పట్టిన గుడ్డలో ఇంకు పోగు దాకా పోలేదు, గంజిలోనే ఆగింది. పడుగుకు గంజి పట్టించే కొత్తవాడ వాళ్ళకు ఇది కొత్త కాదు. నేను రెండు వారాలు పట్టి కనుక్కున్నది అత్తమ్మ దండెం చూస్తూ అన్నది.

చిక్కేమిటంటే పాలిస్టర్‌కు గంజి సరిగా నిలవదు. నూలు చొక్కా వేసుకునే పిల్లలకే ఇది. నా తరగతిలో బుధవారం రంగు చొక్కాల రోజు, ఆ రోజు చాలామంది ఇంటి నూలుబట్టలే వేసుకొస్తారు.

జూన్ 24

బడిలో తెల్లబోర్డు మార్కరు మూత సరిగా పడక నా సంచిలో కారింది. కొంగు మీద అంగుళం పొడవు నలుపు. బోర్డు మీద అరచేత్తో తుడిస్తే పోయేది, చీర మీద ఉతికినా పోలేదు. బోర్డు నున్నగా ఉంటుంది, ఇంకులోని మసిపొడి దాని మీద పట్టు దొరక్క ఊడిపోతుంది. గుడ్డలో అదే మసిపొడి పోగుల మధ్య ఇరుక్కుంటుంది. కరోనా నాటి శానిటైజరు సీసా అడుగున కొంచెం ఉంటే, కింద పాతగుడ్డ పెట్టి, పైనుంచి అద్దాను. సగం కింది గుడ్డకు దిగింది. సగం ఉంది. ఈ పెన్ను పిల్లలకు అందే చోట ఇక పెట్టను. చూడ్డానికి స్కెచ్ పెన్ను అన్నలా ఉంటుంది, స్వభావం వేరు.

జూన్ 26

పాత అజంజాహి మిల్లు స్థలం మీదుగా బస్సులో వచ్చాను. 1934లో నిజాం పెట్టించిన మిల్లు. ఇప్పుడు సైరను లేదు, గేటు ముందు టీ బండ్లు లేవు. పక్కసీట్లో కూచున్న ఆయన ఎక్కడో నూలుమిల్లులో పనిచేసి రిటైరైనవాడు. నా చేతిలోని ముక్కలు చూసి, దారం నంబర్లు కలిసిపోకుండా వడికేటప్పుడే ఒక్కో రకానికి ఒక్కో లేతరంగు చల్లేవాళ్ళమని చెప్పాడు. గులాబీ ఒక రకం, నీలం ఒక రకం. నేత అయ్యాక మొదటి ఉతుకులోనే వెళ్ళిపోవాలి. “పోయేటి రంగు మంచిగ దొరకడమే కష్టమమ్మా” అన్నాడు, దిగబోతూ. ఇంకా అడుగుదామనుకున్నాను, అంతలో స్టాపు.

పిల్లల కోసమని కనిపెట్టినట్టుండే ఈ రంగుల వెనక మిల్లులది ఇంత కథ ఉంది. స్కెచ్ పెన్ను జపానులో 1962లో వచ్చింది. అమెరికాలో క్రేయోలా వాళ్ళు ఉతికితే పోయే మార్కర్లు 1987లో తెచ్చారు. నడుమ పాతికేళ్ళు తల్లులు రుద్దుతూనే ఉన్నారన్నమాట.

జూన్ 27

కొత్తవాడ నుంచి ఫోను. “అక్కా, నీ ఆకుపచ్చ డబ్బా గీత ముంచకముందే తడికి పోయింది. గుర్తుకు పనికిరాదు. పిల్లలకు పనికొస్తది.”

జూన్ 29, శనివారం

ఇవాళ ఇచ్చాను. పసుపు డబ్బా పక్కన పెట్టి, ఆకుపచ్చ డబ్బాలే అయిదు కొన్నాను. ముందు సుద్దముక్కల ఆట. సుద్దముక్కకు అడుగున వేలెడు పైన నల్ల పెన్నుతో చుట్టూ గీత గీసి, గిన్నెలో కొంచెం నీళ్ళు పోసి నిలబెట్టమన్నాను. నీళ్ళు సుద్దలోకి ఎక్కాయి. వాటితో నీలం ఎక్కింది. “టీచర్, నల్లదాండ్లకెళ్ళి నీలం బయటికొచ్చింది!” ఇరవై ఆరు గొంతులు. ఒకడు సుద్దముక్క నాలిక్కి ఆనించుకుని చూశాడు, ఆపేలోపే.

పోయినేటి ఆ పిల్ల ఇప్పుడు మూడో తరగతి, పక్క గది. కిటికీలోంచి చూస్తూ నిలబడింది. వాళ్ళ టీచరును అడిగి లోపలికి పిలిచాను. సుద్దముక్క ఇచ్చాను. తీసుకుంది. పెన్ను చాచాను. చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

నేను నా చీర కొంగు బల్ల మీద పరిచి, ఆకుపచ్చ డబ్బా నీలంతో అడ్డంగా గీత గీశాను. నూలుచీర. పిల్లలంతా ఊపిరి బిగబట్టారు. కుండలోంచి గ్లాసెడు నీళ్ళు తెచ్చి, గీత మీద పోసి, వేళ్ళతో నలిపి, పిండి చూపించాను. రెండోసారికి పోయింది. ఆ పిల్ల దగ్గరికొచ్చి తడి కొంగును తన వేళ్ళతో పట్టుకుని, వెనక్కి తిప్పి చూసింది. వెనకవైపు కూడా చూడాలని నాకు తోచలేదు. అక్కడా లేదు.

“ఎర్రది?” అంది.

ఎర్రది కొంచెం మొండిదని ఉన్నమాట చెప్పాను. వెంటనే చల్లనీళ్ళల్లో పెట్టాలి, ఇస్త్రీ పెట్టె ఆనించొద్దు, సబ్బు నురగ రాకపోతే పౌడరు వెయ్యాలి. తను పెదవులు కదుపుతూ ఆ మూడు మాటలూ లోపల చెప్పుకుంది. ఆకుపచ్చ పెన్ను ఒక్కటి తీసుకుని, సుద్ద మీద కాదు, కాగితం మీద ఒక ఆకు గీసి వెళ్ళిపోయింది.

జూలై 1

గోరు మీది మరక సగానికి జరిగింది. కింది సగం మామూలు గోరు. 

తరగతిలో ఏడుగురి బట్టల మీద రంగులు. నేను పేర్లు రాసుకున్నాను, తెల్లారి చూడాలని.

జూలై 2

ఏడింట్లో ఆరు పోయాయి. ఏడోది నారింజ, మోచేతి దగ్గర. ఆ పిల్లవాడి నాయనమ్మను బడి గేటు దగ్గర అడిగాను. వాగు పక్క ఇల్లు, బోరు లేదు, వాగు నీళ్ళే. రుద్దలేదట, మర్చిపోయిందట. “రేపు ఉతుకుత తియ్ బిడ్డా, ఏడికి పోతది” అంది. పిల్లవాడిని ఏమీ అనలేదు.

జూలై 4

పొద్దున ప్రార్థన కాకముందే ఆ మూడో తరగతి పిల్ల నా కుర్చీ దగ్గరికొచ్చి మడిచిన గుడ్డ చేతిలో పెట్టింది. పాత లుంగీ ముక్క, అరచేయంత. అంచులు కత్తెరతో కాదు, చేత్తో చింపినవి. మీద ఆరు గీతలు ఉండిన చోట్లు. బాగా వెలుగుకు పట్టి చూస్తే నాలుగు కనబడలేదు. ఎరుపూ నారింజా లేతగా ఉన్నాయి. మూలన పెన్సిలుతో అంకె కూడా ఉంది, 1 అని.

పక్కింటి పిల్లవాడి దగ్గర పెన్నులు అడిగి తెచ్చి, రాత్రి వాళ్ళమ్మే గీయించిందట. పొద్దున ఆమే ఉతికిందట.

“అమ్మ ఏమన్నది?”

“ఈ రెండు వద్దన్నది టీచర్. తక్కినయి గీసుకొమ్మన్నది.”

ప్రార్థన గంట కొట్టారు. అయిదు డబ్బాలూ తెరిచి ఎర్రవీ నారింజవీ ఏరి, సుద్దముక్కల రేకుడబ్బాలో వేసి, బీరువా పైన పెట్టాను. ఆ పిల్ల పక్కన నిలబడి లెక్కపెట్టింది. పది.